మూడో తరగతి పిల్లలకి ఏ వాయిద్యం? బడి కాగితంలో టిక్కు పెట్టే ముందు

జూన్‌లో మన విశాఖ బడులు తెరిచిన పది పదిహేను రోజులకి పిల్లల డైరీలో ఓ కాగితం వస్తుంది. మ్యూజిక్ పీరియడ్‌లో మీ పిల్లలు ఏ వాయిద్యం నేర్చుకోవాలో టిక్కు పెట్టి శనివారంలోగా పంపమని. కీబోర్డు, వయొలిన్, మృదంగం, వేణువు, యుకలేలే (గిటారులాంటి చిన్న నాలుగు తీగల వాయిద్యం) లేదా గిటారు. కొన్ని బడుల్లో రికార్డర్ అనే ఊదే వాయిద్యం, అరుదుగా వీణ. ఇంట్లో తలోమాట. తాతగారు వీణ అంటారు, నాన్న గిటారంటాడు, పిల్లేమో పక్క ఫ్లాట్‌లో అన్నయ్య వాయించేదే కావాలంటుంది.

ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. వారానికి ఒక్క పీరియడ్, 40 నిమిషాలు. దసరా, సంక్రాంతి సెలవులు, పరీక్షలు, వార్షికోత్సవం హడావుడి, వాయుగుండాలకి ఇచ్చే సెలవులు తీసేస్తే ఏడాదికి ఓ 30 పీరియడ్లు మిగులుతాయనుకుందాం. మొత్తం 20 గంటలు. అదే ఇంట్లో రోజుకి పది నిమిషాల చొప్పున వారానికి ఐదు రోజులు, 40 వారాలు వాయిస్తే 33 గంటలు దాటుతుంది. చెయ్యి తిరిగేది ఎక్కువగా ఇంట్లోనే అన్నమాట. కాబట్టి ఏది గొప్ప వాయిద్యమని వాదించుకునే బదులు, మాస్టారు పక్కన లేని ఆ ఆరు రోజులూ పిల్ల దాన్ని తనే తీసి, శ్రుతి చూసుకుని, పది నిమిషాలు వాయించుకోగలదా అని అడగండి. ఈ ప్రశ్న దగ్గరే సగం తేలిపోతుంది.

## దేన్ని బట్టి చూడాలి

అన్నిటికన్నా ముందు శ్రుతి. తీగ వాయిద్యం ఏదైనా, చర్మవాద్యం ఏదైనా నిన్న కలిపిన శ్రుతి ఇవాళ ఉండదు. ఎనిమిదేళ్ళ పిల్లకి చెవితో విని కలపడం రాదు. ఇంట్లో ఎవరికీ రాకపోతే పిల్ల వారమంతా తప్పు స్వరాలే వింటూ వాయిస్తుంది, చెవి వాటికే అలవాటు పడిపోతుంది. బడి సంగతి కూడా ఇదే. ఇరవై మంది వయొలిన్ పిల్లలున్న క్లాసులో ఒక్కో వయొలిన్‌కి నిమిషంన్నర పట్టినా శ్రుతి కలపడానికే 30 నిమిషాలు. పీరియడ్‌లో ఇక మిగిలేది పది నిమిషాలు. "శ్రుతి ఎవరు, ఎప్పుడు కలుపుతారు? పీరియడ్‌కి ముందేనా?" అని బడివాళ్ళని తప్పకుండా అడగండి. ఫీజు గురించి అడగడం కన్నా ఇది ముఖ్యం.

రెండోది, ఒంటికి సరిపోయే సైజు. "ఎలాగూ పెరుగుతుందిగా" అని యూనిఫాం కొన్నట్టు ఒక సైజు పెద్దది కొనే అలవాటు మనకుంది. వాయిద్యం విషయంలో అది పనికిరాదు. పెద్దది పట్టుకున్న చెయ్యి మణికట్టు దగ్గర వంగిపోతుంది, ఆ వంపు తర్వాత సరిచేయడం చాలా కష్టం.

మూడోది, మొదటి మంచి ధ్వని ఎన్నాళ్ళకి వస్తుందన్నది. కీబోర్డు మీద మొదటి క్షణంలోనే వస్తుంది, వేణువు మీద కొందరికి నెల పడుతుంది. పిల్ల ఓపిక మీకు తెలిసిందే.

మోత (అంటే చప్పుడు), మోసుకెళ్ళడం, విశాఖ తేమ ఆ తర్వాత. తేమని చిన్నచూపు చూడకండి. పెదవాల్తేరు, లాసన్స్‌బే, ఎంవీపీ వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో స్టీలు తీగలు తొందరగా తుప్పు పడతాయి, చర్మాలు వదులవుతాయి. పగలు తేమ, రాత్రి ఏసీ అయితే కర్ర ఉబ్బుతూ కుదించుకుపోతూ ఉంటుంది. పొద్దున్న పెట్టె తీసేసరికి వయొలిన్ బిరడాలు (తీగలు చుట్టి బిగించే పుల్లలు) జారి తీగలు వేలాడుతుంటే దెయ్యం పని కాదు, ఏసీ పని.

| వాయిద్యం | ఇంట్లో శ్రుతి | మొదటి మంచి ధ్వని | మోత | వానాకాలం ఇబ్బంది | మొదట్లో ఖర్చు |
|---|---|---|---|---|---|
| కీబోర్డు | అక్కర్లేదు | వెంటనే | హెడ్‌ఫోన్ పెడితే లేదు | తక్కువ | ఎక్కువ |
| వయొలిన్ | రోజూ, పెద్దవాళ్ళే | రెండు మూడు నెలలు | ఎక్కువ, గీరుడు | ఎక్కువ | మధ్యస్థం, సైజు మారుతుంది |
| యుకలేలే | రోజూ, పిల్లే చేసుకోగలదు | రెండు వారాలు | తక్కువ | తక్కువ | తక్కువ |
| గిటారు | రోజూ | నెల పైన | మధ్యస్థం | స్టీలు తీగలైతే ఎక్కువ | మధ్యస్థం |
| రికార్డర్ | అక్కర్లేదు | వారం | కీచుమంటుంది | తక్కువ | కొన్ని వందలు |
| వేణువు | అక్కర్లేదు | రెండు నుంచి ఆరు వారాలు | తక్కువ | బూజు, పగుళ్ళు | తక్కువ |
| మృదంగం | తెలిసినవాళ్ళే చేయాలి | నెల పైన | ఎక్కువ | చాలా ఎక్కువ | ఎక్కువ |
| వీణ | తెలిసినవాళ్ళే చేయాలి | నెల పైన | తక్కువ | మధ్యస్థం | చాలా ఎక్కువ |

## కీబోర్డు

ఇంట్లో సంగీతం తెలిసినవాళ్ళు ఎవరూ లేకపోతే కీబోర్డే తీసుకోండి. శ్రుతి తప్పదు, నొక్కితే పలుకుతుంది, హెడ్‌ఫోన్ పెడితే పక్కవాళ్ళకి వినబడదు. స్టీల్‌ప్లాంట్‌లోనో పోర్టులోనో షిఫ్టు డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవాళ్ళున్న ఇళ్ళలో ఈ ఒక్క సుగుణం చాలు.

కొనేటప్పుడు చూడాల్సినవి: 61 కీలు, మామూలు సైజు కీలు, గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలికే టచ్ రెస్పాన్స్. బొమ్మల షాపుల్లో దొరికే చిన్న కీల కీబోర్డు మీద వేళ్ళ దూరం వేరు. ఇంట్లో దాని మీద సాధన చేసి బడిలో పెద్దదాని ముందు కూర్చుంటే చెయ్యి గందరగోళపడుతుంది. అడాప్టర్ దానితో వచ్చిందే వాడండి. కాసియో వాటిలో 9.5 ఓల్టులవి, యమహా వాటిలో 12 ఓల్టులవి ఎక్కువగా కనిపిస్తాయి. ఇంట్లో ఉన్నదేదో గుచ్చితే బోర్డు కాలిపోవచ్చు.

మంచం మీద పెట్టి వాయించనివ్వకండి. మోచెయ్యి కీల ఎత్తులో ఉండాలి. డైనింగ్ టేబుల్ ఈ వయసువాళ్ళకి ఎత్తు, కుర్చీ మీద గట్టి దిండు వేసి కాళ్ళ కింద పీట పెట్టండి. లేదా కింద బాసింపట్టు వేసుకుని, ముందు చిన్న బల్ల.

"నిన్నటిదాకా బాగానే వాయించింది, ఇవాళ అన్నీ తప్పుగా పలుకుతున్నాయి" అని ఎవరైనా అంటే ట్రాన్స్‌పోజ్ బటన్ (స్వరాలన్నిటినీ ఒకేసారి పైకో కిందికో జరిపేది) చూడండి. పిల్లలు ఆడుతూ నొక్కేస్తారు. సున్నాకి తెస్తే సరి. ఇంకో జబ్బు ఆటోమేటిక్ రిథమ్. ఒక వేలు నొక్కితే బ్యాండు మొత్తం మోగుతుంది, వచ్చిన చుట్టాలు ఆహా అంటారు, పిల్లకి తాళం మాత్రం రాదు. మొదటి ఏడాది ఆ బటన్ మీద స్టిక్కర్ అంటించేయడం మేలు.

కీబోర్డుకి లేనిదేమిటంటే గమకం, అంటే స్వరాన్ని ఊపడం. కర్ణాటక సంగీతంలో మొదట నేర్పే రాగం మాయామాళవగౌళలో సరళీ వరుసలు వాయించొచ్చు: సి నుంచి మొదలుపెడితే సి, సి షార్ప్, ఇ, ఎఫ్, జి, జి షార్ప్, బి. జంట వరుసలు, అలంకారాలు కూడా నడుస్తాయి. రాగం మొదలయ్యాక స్వరాన్ని ఊపాల్సి వస్తుంది, కీ ఊగదు. కర్ణాటక సంగీతమే గమ్యమైతే కీబోర్డుతో పాటు గాత్రం కూడా పెట్టించండి.

## వయొలిన్

ఉత్తరాంధ్రలో వయొలిన్ అనగానే విజయనగరం గుర్తొస్తుంది. మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులు. ఆ పేరు విన్న పెద్దలున్న ఇంట్లో వయొలిన్‌కి ఓటు ఎక్కువ పడుతుంది. తప్పులేదు. గాత్రానికి ఇంత దగ్గరగా పలికే వాయిద్యం ఇంకోటి దొరకదు.

కాని బడిలో మొదలుపెట్టేవాటిలో అన్నిటికన్నా తొందరగా అటక ఎక్కేది కూడా ఇదే. కారణం ముందు చెప్పిందే, శ్రుతి.

బడివాళ్ళని అడగాల్సిన మొదటి మాట: కర్ణాటకమా, పాశ్చాత్యమా? రెండూ ఒకటి కావు. పాశ్చాత్యంలో నిలబడి లేదా కుర్చీలో కూర్చుని గడ్డం కింద పెట్టుకుంటారు, తీగలు జి-డి-ఎ-ఇ. కర్ణాటకంలో కింద కూర్చుని, వయొలిన్ తలని కుడి పాదం మీద ఆన్చి, తీగలు స-ప-స-ప కలుపుతారు. ఐదు శ్రుతికైతే (అంటే స ని జి మీద పెడితే) లెక్క తేలిక: లావు తీగలు రెండూ జి, డి అలాగే ఉంటాయి, మూడోదాన్ని ఎ నుంచి జి కి, సన్నదాన్ని ఇ నుంచి డి కి దించితే చాలు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ వాడితే "వయొలిన్" మోడ్ కాకుండా "క్రోమాటిక్" పెట్టుకోండి. లేకపోతే అది మళ్ళీ ఎ, ఇ దాకా లాగమంటుంది, తీగ తెగుతుంది.

సైజు కొలవడం ఇలా. పిల్లని నిలబెట్టి ఎడమ చెయ్యి పక్కకి చాపించండి. మెడ మొదలు నుంచి అరచేయి మధ్యదాకా టేపు పెట్టండి. 47 నుంచి 51 సెంటీమీటర్లయితే పావు సైజు, 51 నుంచి 56 అయితే అర, 56 నుంచి 60 అయితే ముప్పావు, ఆపైన పూర్తి సైజు. మధ్యలో ఊగిసలాడితే చిన్నదే. మూడో తరగతిలో చాలామందికి అర సైజు సరిపోతుంది. రెండేళ్ళలో మార్చాల్సి వస్తుంది గనక సెకండ్ హ్యాండ్ దొరికితే సిగ్గుపడకండి. సన్న తీగకే కాక నాలుగు తీగలకీ ఫైన్ ట్యూనర్లు (శ్రుతిని కొద్దికొద్దిగా సవరించే చిన్న మరలు) ఉన్నది తీసుకుంటే బిరడాలు తిప్పే పని బాగా తగ్గుతుంది.

కొత్త వయొలిన్‌తో మొదటి రోజే వచ్చే ఫోను: "కమాను లాగితే చప్పుడే రావట్లేదు". పాడైందనుకోకండి, కమాను వెంట్రుకలకి రోజిన్ (తీగని పట్టేలా రుద్దే జిగురు బిళ్ళ) పట్టలేదంతే. కొత్త రోజిన్ పైభాగం గాజులా నున్నగా ఉంటుంది. గరుకు కాగితంతో కాస్త గీకి, కమానుని ఆ చివర నుంచి ఈ చివరకి ఓ 30, 40 సార్లు రుద్దండి. తర్వాత్తర్వాత రోజుకి నాలుగైదు సార్లు చాలు. వెంట్రుకల్ని వేళ్ళతో ముట్టుకోనివ్వద్దు, జిడ్డు పట్టిన చోట రోజిన్ అంటదు. వాయించాక కమాను మర వదులు చేయాలి.

తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పకండి. లోపల పైపలకకీ కింది పలకకీ మధ్య చిన్న కర్ర పుల్ల నిలబడి ఉంటుంది. తీగల ఒత్తిడి పోతే అది పడిపోవచ్చు, మళ్ళీ నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. ఒకటి విప్పి, కొత్తది వేసి, బిగించి, అప్పుడు రెండోది. బిరడాలు జారుతుంటే వాటి మీద బడి సుద్దముక్క కొంచెం రుద్దండి. పెట్టెలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి.

ఇంట్లో అమ్మో, నాన్నో, అమ్మమ్మో రోజూ ఐదు నిమిషాలు శ్రుతి కలపడానికి సిద్ధమైతే వయొలిన్ ధైర్యంగా పెట్టండి. ఆ ఒక్క మనిషి లేకపోతే వద్దు, ఐదో తరగతిలో చూద్దాం.

## యుకలేలే, గిటారు

యుకలేలేని బొమ్మ గిటారనుకుని తీసిపారేయకండి. నాలుగు నైలాన్ తీగలు, జి-సి-ఇ-ఎ. సొప్రానో సైజు 21 అంగుళాలు, ఎనిమిదేళ్ళ ఒడిలో చక్కగా ఇమిడిపోతుంది. తుప్పు గొడవ లేదు, వేళ్ళు కోసుకోవు. తలకి తగిలించే క్లిప్ ట్యూనర్ ఉంటే పిల్లే ముల్లు చూసుకుని శ్రుతి కలుపుకుంటుంది. తీగ వాయిద్యాల్లో మన ఆరు రోజుల పరీక్ష నెగ్గేది ఇదొక్కటే. కొత్త నైలాన్ తీగలు మొదటి వారం పది రోజులు సాగుతూనే ఉంటాయి, పొద్దున కలిపింది సాయంత్రానికి దిగిపోతుంది. "పాడైపోయిన ముక్క ఇచ్చాడు" అని షాపువాడితో తగువుకి దిగకండి. బిరడాలు మాత్రం పళ్ళచక్రాలున్నవి చూసుకోండి. కేవలం రాపిడి మీద ఆగేవి పిల్లల చేతిలో నిలవవు.

గిటారుకైతే 36 అంగుళాల ముప్పావు సైజు, నైలాన్ తీగలు. కాలేజీకి వెళ్ళే అన్నయ్య వదిలేసిన 41 అంగుళాల స్టీలు తీగల గిటారు మూడో తరగతి చేతికివ్వడం చాలా ఇళ్ళలో జరిగేదే. వేళ్ళ కొనలు బొబ్బలెక్కుతాయి, కుడిచెయ్యి గిటారు మీంచి దాటి రాదు, నెలలో మానేస్తారు. ముందు యుకలేలే రెండేళ్ళు, తర్వాత గిటారు అంటే వేళ్ళ అలవాటు చాలావరకు అటే వెళ్తుంది.

## రికార్డర్, వేణువు

రెండూ ఊదేవే గాని ఒకదానికొకటి పోలిక లేదు. రికార్డర్‌కి ఈలలా మూతిలోనే ధ్వని పుట్టే ఏర్పాటుంటుంది, మెల్లగా ఊదితే చాలు. వేణువులో ఆ ఏర్పాటంతా పిల్ల పెదవులే చేయాలి.

రికార్డర్ స్కూల్ బ్యాగ్‌లో పడిపోతుంది. ధర కొన్ని వందలు. ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద; మొదటి స్వరాలు బి, ఎ, జి. కీచుమంటే రెండే కారణాలు: గట్టిగా ఊదడం, లేదా రంధ్రం పూర్తిగా మూయకపోవడం. వేలి కొన కాకుండా మెత్తటి భాగం ఆన్చమనండి. కొనేటప్పుడు జర్మన్, బరోక్ అని రెండు రకాలుంటాయి, క్లాసులో అందరిదీ ఒకటే ఉండాలి, ఎఫ్ స్వరానికి వేళ్ళు మారిపోతాయి. జర్మన్‌లో ఎఫ్ తేలిక గాని ఎఫ్ షార్ప్ దగ్గర తిప్పలు. ముందుకి సాగాలనుకుంటే బరోక్. వారానికోసారి గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడగాలి. ఒకరిది ఇంకొకరు ఊదకూడదు, అన్నాచెల్లెళ్ళయినా సరే. బడిలో కర్ణాటక పద్ధతే చెబుతుంటే రికార్డర్ అంత అనుకూలం కాదు. మాయామాళవగౌళ రిషభానికి అడుగు రంధ్రాన్ని సగమే మూయాలి, ఈ వయసు వేళ్ళకి అది కుదరదు.

వేణువుకి పొట్టి, అంటే హెచ్చు శ్రుతిది ఎంచుకోండి. పొడుగు వేణువు మీద రంధ్రాలు దూరంగా ఉంటాయి, ఉంగరపు వేలు అందదు. ఊదడం మొదలుపెట్టిన రోజుల్లో కళ్ళు తిరుగుతాయి, ఒక్కసారికి ఐదు నిమిషాలు మించొద్దు. ముందు పాలపళ్ళు ఊడుతున్నాయంటే ఆర్నెల్లు ఆగండి. ఎండలో, కారులో వదిలేస్తే వెదురు పగులుతుంది. వానల్లో పెట్టెలో మూసేస్తే బూజు. ఊదిన వెంటనే లోపల పొడిగుడ్డతో తుడిచి గాలికి ఉంచాలి.

## మృదంగం

కాళ్ళూ చేతులూ ఒక్కచోట ఆగని పిల్లలకి, బల్ల కనిపిస్తే దరువేసే పిల్లలకి ఇది. ఆరు రోజుల పరీక్షలో నెగ్గదని పట్టిక చెబుతోంది గాని ఇందులో ఒక మెలిక ఉంది. మొదటి మూడు నెలలు ఇంట్లో మృదంగం అక్కర్లేదు. త, ధి, తొం, నం నోటితో చెబుతూ చెక్కపలక మీద వేళ్ళు వేయడం, ఆది తాళం చేత్తో వేస్తూ జతులు చెప్పడం, ఇదంతా ఆటోలో బడికి వెళ్తూ కూడా చేయొచ్చు. బడిలో మృదంగాలుంటే ఆ మూడు నెలలు పైసా ఖర్చు లేకుండా చూసుకోండి.

కొన్నాక పని ఉంటుంది. ఎడమ వైపు తొప్పి మీద వాయించే ముందు రవ్వ పెట్టాలి. చెంచాడు బొంబాయి రవ్వ, నాలుగు చుక్కల నీళ్ళు, బాగా మెదిపి అంటుకునే ముద్ద చేసి, తడిపిన చర్మం మధ్యలో గుండ్రంగా అద్దాలి. ముద్ద ఎక్కువైతే ధ్వని మూగబోతుంది, తక్కువైతే గుమికి (ఎడమ వైపు లోతైన ధ్వని) రాదు. వాయించడం అవగానే గీకేసి తడిగుడ్డతో తుడవాలి. ఆగస్టులో ఒక్క రాత్రి వదిలేస్తే పొద్దున్నకి చీమలు, రెండు రాత్రులు వదిలేస్తే బూజు. వానల్లో కుడివైపు శ్రుతి దిగిపోతుంది, రాయి, పుల్లతో అంచు మీద కొట్టి ఎక్కించాలి. అది పిల్లల చేత చేయించకండి, దెబ్బ పక్కకి పడితే చర్మం చిరుగుతుంది. మూత (వాయించే చర్మం) వేసే మనిషి ఊళ్ళో ఎక్కడున్నాడో కొనక ముందే మాస్టారిని అడిగి ఉంచుకోండి. పెద్దవి బరువు, పిల్లలకి చిన్న సైజువి ఉంటాయి, అవి హెచ్చు శ్రుతిలో పలుకుతాయి.

తబలా కూడా దాదాపు ఇదే లెక్క, రవ్వ పని తప్ప.

## వీణ గురించి నాలుగు మాటలు

బొబ్బిలి మనకి దగ్గర. పనస కర్రతో అక్కడ చేసే వీణకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తాతగారి కోరిక న్యాయమైనదే. కాని 24 మెట్లు, 7 తీగలు, నాలుగడుగుల పొడవు ఎనిమిదేళ్ళ ఒడిలో ఇమడవు. చెయ్యి కింది మెట్లదాకా అందదు, తీగ లాగితే వేళ్ళు కోసుకుంటాయి. మెట్లు మైనంలో అమర్చి ఉంటాయి, వేడికీ దెబ్బకీ కదిలిపోతాయి. స్కూల్ వ్యాన్‌లో పెట్టడం మాట దేవుడెరుగు. ఇప్పుడు రెండేళ్ళు గాత్రం, పదో పదకొండో ఏట వీణ. ఆ రెండేళ్ళూ వృథా పోవు, స్వరస్థానాలు చెవిలో కూర్చుంటాయి. కచేరీ ఉన్న సాయంత్రం కళాభారతి ఆడిటోరియానికి తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెడితే వీణ ఎంత పెద్దదో పిల్లకే తెలుస్తుంది.

## మీ ఇల్లు ఎలాంటిదో దాన్ని బట్టి

నేవీలోనో బ్యాంకులోనో ఉండి మూడేళ్ళకోసారి బదిలీ అయ్యే కుటుంబమైతే కీబోర్డు లేదా యుకలేలే. ఎక్కడికెళ్ళినా చెప్పేవాళ్ళు దొరుకుతారు. కీబోర్డుతో ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ గ్రేడ్ పరీక్షల బాట పడితే ఆగినచోట నుంచే కొనసాగించొచ్చు.

ఇంట్లో పాడేవాళ్ళుంటే వయొలిన్. వాళ్ళ చెవే శ్రుతిపెట్టె.

ఖర్చు పెట్టడానికి వెనకాడుతుంటే, లేదా పిల్లకి అసలు ఇష్టముందో లేదో తెలియకపోతే రికార్డర్. ఏడాది తర్వాత మానేసినా పోయేది వందలే.

ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ ఒకటే కీబోర్డు పెట్టి రోజూ పేచీలు తెచ్చుకోవద్దు. ఒకరికి స్వరం, ఒకరికి తాళం: కీబోర్డూ మృదంగమూ, లేదా యుకలేలే మృదంగమూ. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ కలిసి వాయించుకోగలరు.

ఎడమచేతి వాటం పిల్లలకి కీబోర్డు, రికార్డర్ మామూలుగానే నడుస్తాయి. వయొలిన్, యుకలేలే తీగలు తిరగేయించకండి. రెండు చేతులకీ కొత్త పనే గనక అందరిలాగే మొదలుపెడితే సరిపోతుంది, క్లాసులో కమానులు కూడా ఢీకొట్టుకోవు.

## కొనడం ఎప్పుడు

కాగితం ఇచ్చిన వారమే షాపుకి పరిగెత్తొద్దు. రెండు పీరియడ్లు బడి వాయిద్యం మీదే కూర్చోనివ్వమని అడగండి. కూర్చోబెట్టినప్పుడు చూడాల్సింది పిల్ల ఎంత బాగా వాయించిందని కాదు. భుజాలు పైకి లేచిపోతున్నాయా, మణికట్టు వంగుతోందా, వేళ్ళు అందుతున్నాయా అని. ఈ మూడూ బాగుంటే కొనండి. షాపుకి వెళ్ళేటప్పుడు పిల్లని వెంట తీసుకెళ్ళండి, ఆన్‌లైన్‌లో అయితే వాపసు గడువు చూసుకుని మాస్టారికి ఆ గడువు లోపే చూపించండి.

మార్చాలనిపిస్తే దసరా సెలవులు అయ్యేదాకా ఆగండి. ఆగస్టు, సెప్టెంబరులో దాదాపు అందరూ "నాకొద్దు" అంటారు, కొత్త ముచ్చట తీరిపోయి పాట ఇంకా చేతికి రాని రోజులవి. దసరా తర్వాత కూడా పెట్టె తీయమంటే ఏడుస్తుంటే, ముందు శ్రుతి సరిగ్గా ఉందేమో, సైజు పెద్దదేమో మాస్టారి చేత చూపించండి. రెండూ బాగానే ఉండి కూడా ఏడుస్తుంటే సంక్రాంతి లోపే మార్చేయండి. అర సైజు వయొలిన్ అయితే కింది తరగతిలో కొనేవాళ్ళు దొరుకుతారు, అమ్మే ముందు తీగలు మాత్రం కొత్తవి వేయించండి.